నూకరాజు గ్రంథానికి టీకా

నేను చేసే పనేమిటో మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలా ఏళ్లు పట్టింది. మా పరిషత్తుకు చెప్పడం ఇంకా పూర్తి కాలేదు.

అమ్మది కనిగిరి దగ్గర పల్లె. పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర ఆకు కట్టే పని. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లింది నేనొక్కదాన్నే. అక్కడితో ఆగకుండా డాక్టరేటు కూడా తెచ్చుకోవడంతో ఊళ్లో చాలామందికి మోకాళ్ల నొప్పులు వచ్చాయి. నేను మందులిచ్చే డాక్టరును కాదనీ, చదివింది వ్యాధినిరోధక శాస్త్రమనీ చెప్పుకున్నాను. "ఆ శాస్తరంలో మోకాళ్లు లేవా, సువార్తా?" అని మా పెద్దమ్మ జాలిగా అడిగింది.

అమ్మకు మాత్రం ఇలా చెప్పాను.

"ఎయిడ్స్ రాకుండా టీకా కనిపెట్టాలని చాలామంది తిప్పలు పడుతున్నారమ్మా. టీకా అంటే మన ఒంట్లోని తెల్లకణాలకు పాఠం చెప్పడం. చెప్పేది వేరేవాళ్లు. కణాలకు పాఠం వచ్చిందో లేదో పరీక్ష పెట్టేది నేను."

"అయితే స్కూళ్ల ఇన్‌స్పెక్టరు లాంటిదానివి."

"అట్లాంటిదే."

"ఎంతమంది పాసయ్యారు?"

"పూర్తిగా ఎవరూ కాలేదు ఇంకా."

అమ్మ గొంతు తగ్గించి, "జీతం మాత్రం సరిగ్గా ఇస్తన్నారా?" అంది.

విశాఖలో ఒక కొండవాలున ఉన్న మా ప్రయోగశాల పేరు అప్పట్లో 'హెచ్.ఐ.వి. టీకా పరిశోధన సహాయక విభాగం'. సహాయక అన్నది నా ఉద్యోగమంతటికీ సరిపోయే మాట. టీకా తయారుచేసేది ఇంకో నగరంలో, ఇంకొందరు. దాన్ని ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు వేశాక వాళ్ల రక్తం మా దగ్గరికి వచ్చేది. అందులోంచి తెల్లకణాలను వేరుచేసి, చిటికెనవేలంత గొట్టాల్లో పోసి, ద్రవ నత్రజని ట్యాంకులో దాచడం, కావలసినప్పుడు కరిగించి పరీక్షించడం నా పని. పరిశోధన వ్యాసాల చివర చిన్న అక్షరాల్లో 'సహకరించినవారికి కృతజ్ఞతలు' అని ఉంటుంది కదా, అందులో 'వారు' అంటే నేను.

ఆ టీకా అనుకున్నంత పని చేయలేదు. వైరస్ ముక్కను చూపిస్తే చాలామంది కణాలు ఎరగనట్టు ముఖం తిప్పుకున్నాయి. కొద్దిమందివి మాత్రం, చెప్పినదానికంటే ఎక్కువే నేర్చుకున్న పిల్లల్లా, చూడగానే గుర్తుపట్టాయి. ఎందుకు గుర్తుపట్టాయో తెలిస్తే తర్వాతి టీకా చేసేవాళ్లకు ఒక దారి దొరుకుతుంది. అది తేల్చే కొత్త పరీక్ష సామగ్రికి ఆర్డరు పెట్టాం. వచ్చేసరికి నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆ గొట్టాలను కాపాడుకోవాలి. ద్రవ నత్రజని కూర్చున్నచోటే ఆవిరైపోయే సరుకు. వారం వారం పోస్తూ ఉండకపోతే ట్యాంకు ఖాళీ అవుతుంది. ట్యాంకు వెచ్చబడిన రోజున గొట్టాల్లో మిగిలేది గంజి.

ఆ కొద్దిమందిలో నూకరాజు ఒకడు. ఆటో నడుపుతాడు. లారీ డ్రైవరైన అతని బావ ఈ జబ్బుతోనే పోయాడు. మోయడానికి వీధిలో నలుగురు ముందుకు రాకపోతే, నూకరాజే తన ఆటోలో శ్మశానానికి తీసుకువెళ్లాడు. తర్వాత కొన్నాళ్లకు, టీకా ప్రయోగానికి మనుషులు కావాలని ఎవరో చెబితే విని, అడక్కుండానే వచ్చి చెయ్యి చాపాడు. ఇప్పటికీ ఇటువైపు బేరం తగిలినప్పుడల్లా గుమ్మం దగ్గర ఆగుతాడు.

"మేడంగారండి, నా కణాలెలాగున్నాయండి?"

"నిద్రపోతున్నాయి నూకరాజు గారూ."

"వాటికేటండి, సల్లగా ఉన్నాయి. ఎండలో తిరిగీది నాను కదా."

ఇలా ఉండగా, రాష్ట్రంలోని చిన్నా పెద్దా పరిశోధన సంస్థలన్నిటినీ కలిపి 'సకల విద్యా పరిషత్తు' అని ఒకటి చేశారు. పరిషత్తు వస్తూనే 'సంపూర్ణ తెలుగు' ఉద్యమం చేపట్టింది. నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఇంటర్లో 'సెల్' అంటే జైలు గది అనుకున్నదాన్ని నేను. మా ఫైళ్లు అమ్మకు చదివి వినిపిస్తే అర్థమయ్యే రోజు వస్తోందనుకున్నాను.

మొదటి ఉత్తర్వు వచ్చింది. 'కార్యాలయ నామములయందు విదేశీయాక్షరములు తక్షణము తొలగించవలెను.' పెయింటరు నిచ్చెన వేసుకుని మా బోర్డు మీది హెచ్.ఐ.వి.కి తెల్లరంగు పూశాడు. 'పరిశోధన సహాయక' అన్న మాటలు అంతకుముందే సముద్రపు గాలికి రాలిపోయాయి. మిగిలింది 'టీకా విభాగం'.

నూకరాజు ఆ బోర్డు చూసి చాలా సంబరపడ్డాడు. "ఇది బాగున్నాదండి. మొన్నటిదాకా ఇక్కడ ఆటో ఆపితే నాకే జబ్బున్నాదని మా అత్త సెంబు కూడా ముట్టనిచ్చీది కాదు."

రెండో ఉత్తర్వు ప్రకారం, పేర్లలోని ముఖ్యపదాన్ని బట్టి విభాగాలన్నిటినీ కంప్యూటరు ఆయా శాఖలకు పంచింది. పరిషత్తు నిఘంటువులో 'టీకా' దగ్గర ఇచ్చిన అర్థం ఇది: 'మూలగ్రంథమునకు పదపదమునకును అర్థము చెప్పునది.' కాబట్టి మమ్మల్ని ప్రాచీన వాఙ్మయ శాఖలో కలిపారు.

ఏదో పొరపాటు జరిగిందని, సరిదిద్దించుకు వద్దామని ఆ శాఖ పర్యవేక్షకుడు జగన్నాథం గారి దగ్గరికి వెళ్లాను. ఆయన బల్ల మీద ఎర్రగుడ్డలో చుట్టిన తాళపత్రాల కట్టలు, పక్కన కంప్యూటరు ఉన్నాయి. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు.

"రండి రండి, సువార్త గారూ. మా శాఖలో చాలాకాలంగా టీకాకారుల కొరత తీవ్రముగా ఉన్నది."

"సార్, నేను టీకాకారిణిని కానండి. ఇది జబ్బు రాకుండా వేసే టీకా."

"జబ్బు ఏదైనా కానివ్వండి. టీకాయే కదా."

"గ్రంథానికి చెప్పేది టీక సార్. మాది టీకా. చివర దీర్ఘం ఉంది."

"టీకా తాత్పర్యము అన్నప్పుడు మాకూ దీర్ఘమే ఉన్నదండి." ఆయన నా మీద జాలిపడ్డట్టు చూశాడు. "అదియు గాక, కంప్యూటరు దీర్ఘములను పరిగణనలోనికి తీసుకొనదు. ఇప్పుడు మీ వివరములు నమోదు చేయుదము. మూలగ్రంథము ఏది?"

అడిగిన ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పమని బడిలో నేర్పారు. ఆ అలవాటు వల్ల జీవితంలో నేను చాలా నష్టపోయాను. "వైరస్ అండి" అన్నాను.

"విదేశీయ పదము. తెలుగులో చెప్పండి."

"అతిసూక్ష్మజీవి."

"కర్త పేరు అతిసూక్ష్మజీవి." టైపు చేశాడు. "కలంపేరు కాబోలు. కాలము?"

"పోయిన శతాబ్దం మొదట్లో మనుషుల్లోకి వచ్చిందంటారు."

ఆయన వేళ్లు ఆగాయి. "అట్లయిన ప్రాచీనము కాదే."

నాకు ప్రాణం లేచివచ్చింది. "కాదండి. ఏమాత్రం ప్రాచీనం కాదు. మమ్మల్ని మీ శాఖలోంచి తీసేయవచ్చు."

"అంతకుముందు ఎక్కడున్నది?"

"కోతుల్లో ఉండేది సార్. ఎప్పటినుంచో."

"కోతులలో." ఆయన కళ్లు మెరిశాయి. "కిష్కింధా సంప్రదాయము. పురాప్రాచీనము." టైపు చేశాడు. "గ్రంథ పరిమాణము?"

"తొమ్మిది జన్యువులు."

"తొమ్మిది ఆశ్వాసములు. మంచి ప్రబంధమే. టీకా ఎంతవరకు వచ్చినది?"

"మూలం మారిపోతూ ఉంటుందండి. అందుకని ఇంకా ఎవరివల్లా కాలేదు."

జగన్నాథం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లుగా జీతములు తీసుకొనుచు ఒక్క ఆశ్వాసము కూడా పూర్తి చేయలేదన్నమాట." ఇంచుమించు ఈ మాటే మా అమ్మ కూడా అంది కాబట్టి నాకు కోపం రాలేదు.

అక్కడితో ఆగి ఉంటే దాన్నొక జోకుగా చెప్పుకుని బతికేసేదాన్ని. కానీ ఆ వారం నత్రజని బండి రాలేదు. గ్యాసు కంపెనీకి ఫోను చేస్తే, "మీ శాఖకు అనుమతించిన సరుకుల్లో మా సరుకు లేదంటండి" అన్నారు. ట్యాంకులో చెక్కబద్ద ముంచి తీశాను. మంచు పట్టిన గీత ఎప్పటికంటే కిందికి దిగి ఉంది.

శాఖకు విన్నపం రాశాను. విదేశీయ పదం ఒక్కటి కూడా లేకుండా, ఎంతో శ్రద్ధగా రాశాను. 'మా వద్ద భద్రపరచిన అమూల్యమైన వస్తువులు చెడిపోకుండా కాపాడే ద్రవం అత్యవసరంగా పంపగోరుతున్నాను.' మర్నాడే పంపారు. అంత చురుకైన శాఖను నేనెప్పుడూ చూడలేదు. అట్టపెట్టె విప్పితే ప్రయోగశాలంతా కమ్మటి వాసన. నిమ్మగడ్డి నూనె. తాళపత్రాలకు పురుగు పట్టకుండా రాసేది. తోడు ఒక గజం ఎర్రగుడ్డ.

జగన్నాథం గారికి ఫోను చేసి, నూనె అందిందని కృతజ్ఞతలు చెప్పి, మాకు కావలసింది ద్రవ నత్రజని అని విన్నవించాను.

"తాళపత్రములకు నత్రజని పూసిన పూర్వోదాహరణము లేదండి" అన్నాడు.

ఇక చేసేదిలేక నూకరాజు ఆటోలో పశువుల ఆసుపత్రికి పరిగెత్తాను. ఆంబోతుల వీర్యం దాచేది కూడా ద్రవ నత్రజనిలోనే. అక్కడి డాక్టరు అప్పలస్వామి గారు మంచి మనిషి. నా కథంతా విని, నవ్వాపుకోలేక రెండుసార్లు బయటికి వెళ్లివచ్చాడు.

"ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదండి. కానీ నా రిజిస్టర్లో ఆంబోతు పేరు లేకుండా చుక్క కూడా బయటికి పోదు. జాతి ఏం రాయమంటారు?"

"నేను ఒంగోలు వైపుదాన్నండి" అన్నాను, తోచక.

"అదే రాద్దాం. ఒంగోలు జాతి. ఆంబోతు పేరు?"

నాకు అబద్ధం వెంటనే నోటికి రాదు. బయట ఆటో పక్కన ఖాళీ క్యాను పట్టుకుని నిలబడ్డ నూకరాజు లోపలికి తొంగిచూసి, "నా పేరు రాసీండి డాట్రుగారు" అన్నాడు. దారిలో అతనే అన్నాడు. "మా ఆడదానికి సెప్పకండి మేడంగారు. ఇంట్లో ఇప్పటికే గౌరవం తక్కువ."

ఆ క్యానుతో కొన్నాళ్లు గడిచింది. రెండోసారి వెళ్లేసరికి, నూకరాజు అనే ఒంగోలు ఆంబోతు వల్ల ఒక్క దూడ కూడా పుట్టలేదేమని అప్పలస్వామి గారిని పైవాళ్లు సంజాయిషీ అడిగి ఉన్నారు. ఆయన ఇంకో క్యాను ఇచ్చి, ఇదే ఆఖరిదని చేతులు జోడించాడు.

అప్పుడు పరిషత్తు నుంచి మూడో ఉత్తర్వు వచ్చింది. 'చిరకాలముగా అసంపూర్ణముగానున్న టీకాలను పండితులచే పరిశీలింపజేసి, యోగ్యత లేనివానిని రద్దు చేయవలెను.' మా విభాగాన్ని పరిశీలించడానికి పరాంకుశం ఆచార్యులు గారనే పండితుణ్ణి నియమించారు. ఓరియంటల్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. ఆయన యోగ్యత లేదంటే విభాగం ఉండదు, ట్యాంకూ ఉండదు.

ఆయన వచ్చిన రోజు ట్యాంకులో చెక్కబద్ద ముంచితే అడుగున కాస్త తెల్లబడింది, అంతే. గుమ్మంలో చెప్పులు విడవబోతుంటే వద్దని, పైన తొడుక్కోవడానికి నీలం బూట్లు ఇచ్చాను. పంచెకట్టు కింద ఆ ప్లాస్టిక్ బూట్లతో నడుస్తూ లోపలికి వచ్చాడు. సూక్ష్మదర్శినులు చూశాడు, పొగలు కక్కే ట్యాంకు చూశాడు, కిటికీలో పెట్టిన నిమ్మగడ్డి నూనె సీసా చూశాడు. కుర్చీలో కూర్చుని చాలాసేపు నిశ్శబ్దంగా నవ్వాడు.

"అమ్మా, ఇది మాకు చెందిన టీక కాదు కదూ."

"కాదండి."

"ఆ ముక్క నేను రాసి పంపితే?"

"నన్ను వైద్యశాఖకు బదలాయించాలి. వాళ్ల దగ్గర ఈ పేరుతో విభాగం లేదు కాబట్టి కొత్తగా ఏర్పాటు చేయాలి. ఈలోగా ట్యాంకు ఆరిపోతుంది సార్."

"నిజం రాస్తే నష్టమన్నమాట." కుర్చీ నా వైపు జరుపుకుని, "అయితే ఈ మూలమేమిటో నాకు కాస్త చెప్పు. తెలియకుండా ఏదీ రాయను" అన్నాడు.

చెప్పాను. వైరస్ తనను తాను నకలు రాసుకుంటూ పెరుగుతుందని, కానీ రాసేటప్పుడు ఎడాపెడా తప్పులు చేస్తుందని, ఆ తప్పులు దిద్దుకోదని, అందుకే ఒకే మనిషి ఒంట్లో కూడా అది వేయి రకాలుగా ఉంటుందని.

ఆచార్యులు గారు ముందుకు వంగాడు. "లేఖక దోషాలు. నిద్రమత్తులో రాసే వ్రాయసగాడు. మాకు తెలియని సంగతా ఇది? ఒక్కో ప్రతిలో ఒక్కో పాఠం. జీవితమంతా పాఠాంతరాలతోనే కదమ్మా కుస్తీ పట్టాను. మరి మీరు ఏ పాఠాన్ని నమ్ముతారు?"

"అన్ని రకాల్లోనూ మారకుండా ఉండే చోట్లు కొన్ని ఉంటాయండి. అక్కడ మారితే అది బతకలేదు. మన కణాలకు ఆ చోట్లు గుర్తుపట్టడం నేర్పాలి. ఈ ట్యాంకులో ఉన్న కొన్ని కణాలు ఆ చోటే గుర్తుపట్టాయేమోనని నా అనుమానం. ఇంకా రుజువు కాలేదు."

"అన్ని ప్రతుల్లోనూ నిలిచిన పాఠమే కవిది అంటాం మేము." ఆయన ట్యాంకు వైపు చూశాడు. "అంటే అందులో ఉన్నవి మందులు కావు. చదువుకున్న మనుషుల జ్ఞాపకాలు. పోతే మళ్లీ దొరకవు."

"దొరకవండి."

"ఒక కాగితం ఇవ్వమ్మా. అబద్ధం రాయను. మా వాళ్ల భాషలో రాస్తాను."

ఆయన రాసిన దాన్ని తర్వాత జగన్నాథం గారే నాకు గర్వంగా చదివి వినిపించాడు. 'పరిశీలించితిని. మూలము అత్యంత కఠినము, పాఠాంతర బహుళము. టీకాకారిణి శ్రద్ధాళువు. ఈ విభాగమందు గల ప్రతులు ఏకైకములు, వేరెచ్చటను లభింపనివి, మానవ జీవద్రవ్యముపై లిఖితములు. ఇవి ద్రవ నత్రజనియందు మాత్రమే నిలుచును. నూనె తగదు. నిర్లక్ష్యము చేసిన పరిషత్తునకు అపకీర్తి.'

అపకీర్తి అన్న మాటకు పరిషత్తులో ఉన్న బలం మరే మాటకూ లేదు. ఆ సాయంత్రమే నత్రజని బండి కొండెక్కింది. ట్యాంకు గొంతుదాకా నిండి తెల్లగా పొగలు కక్కుతుంటే నేను పక్కన నిలబడి, ఏడుస్తున్నానని ఎవరూ అనుకోకుండా ఉండడానికి, కళ్లజోడు మీద ఆవిరి తుడుచుకున్నాను.

మర్నాడు ట్యాంకుకు తాళం వేశారు.

"ఏకైక తాళపత్రములకు వర్తించు నిబంధనలన్నియు ఇప్పుడు మీకు వర్తించును" అన్నాడు జగన్నాథం గారు, తాళంచెవి జేబులో వేసుకుంటూ. "ముట్టరాదు, తెరువరాదు, ముఖ్యముగా కరిగించరాదు."

"కరిగించకుండా పరీక్ష ఎలాగండి?"

"భద్రముగా ఉన్నవి కదా. ఇంకేమి కావలెను?"

అన్నాళ్లూ కణాలు చచ్చిపోతాయని భయపడ్డాను. ఇప్పుడు ఎవరికీ పనికిరాకుండా కలకాలం బతుకుతాయేమోనని భయం పట్టుకుంది. అదే వారంలో, ఆర్డరు పెట్టిన పరీక్ష సామగ్రి వచ్చింది. దానికీ గడువు ఉంటుంది. తెరవని ట్యాంకు ముందు, వాడని సామగ్రి పెట్టె పక్కన, ప్రభుత్వ సొమ్ముతో నేను కుర్చీలో కూర్చున్నాను.

దీనికీ దారి ఆచార్యులు గారే చూపించాడు. "ప్రతిని పండితుని సమక్షంలో పఠించవచ్చునని మా నిబంధనల్లో ఉందమ్మా. నువ్వు కరిగిస్తానని అడగవద్దు. పఠిస్తానని అడుగు."

అడిగాను. ఒప్పుకున్నారు. ఒప్పుకోవడంతో ఆగకుండా 'గ్రంథపఠన మహోత్సవం' అని పెట్టుకున్నారు. పరిషత్ కార్యదర్శి స్వయంగా వస్తారు, గ్రంథకర్తకు శాలువా కప్పుతారు. అందుకని జగన్నాథం గారికి కర్త పేరు కావలసి వచ్చింది. కంప్యూటరులో ఉన్న అతిసూక్ష్మజీవి గారికి కబురు చేయడం ఎలాగని అడిగాడు.

"ఆ కణాలు వాలంటీర్లవి సార్. వాళ్ల పేర్లు బయటపెట్టకూడదు. గొట్టాల మీద అంకెలే ఉంటాయి."

"అంకెకు శాలువా ఎట్లు కప్పుదురు?"

ఆ మాటలప్పుడు నూకరాజు గుమ్మం దగ్గరే ఉన్నాడు. "నాదే కదేటి మేడంగారు, ముందు కరిగించీది? నా పేరు సెప్పీండి."

"ఆలోచించుకోండి నూకరాజు గారూ. వీధిలో మళ్లీ ఏమైనా అంటారు."

"అననీండి. మా బావ పోయినప్పుడు ఏం జబ్బో సెప్పకండిరా అని ఇంట్లో అందరూ దాచీసినారు. దాచీసినా మోయడానికి ఎవుడూ రానేదు. ఇంక దాచి ఏటి లాభం?" లోపలికి ఒక అడుగు వేసి, "ఆంబోతుగా రాయించుకున్నోడిని, ఇదేటి పెద్ద" అన్నాడు.

మహోత్సవం నాడు ప్రయోగశాల గుమ్మానికి మామిడాకులు కట్టారు. లోపల దీపం వెలిగిస్తామంటే, గ్యాసులున్నాయి వద్దని బతిమాలి బయట పెట్టించాను. నూకరాజు తెల్లచొక్కా వేసుకుని, అత్తను కూడా తీసుకొచ్చాడు. ఆచార్యులు గారు నీలం బూట్లు తొడుక్కుని సూక్ష్మదర్శిని పక్కన కూర్చున్నాడు. జగన్నాథం గారు తాళం తీశాడు. నేను మందపాటి చేతొడుగులు వేసుకుని, పొగల్లోంచి నూకరాజు గొట్టం తీసి, గోరువెచ్చని నీళ్లలో పెట్టబోయాను.

"ఒక్క నిమిషం" అన్నారు కార్యదర్శి గారు. చేతొడుగు తొడుక్కుని, గొట్టాన్ని నా చేతిలోంచి తీసుకుని, ఫోటోల వైపు తిరిగారు. "సభకు నమస్కారం. మన పరిషత్తు ఆవిర్భవించిన నాటి నుండి..."

గొట్టంలో కణాలను గడ్డకట్టించేటప్పుడు ఒక రసాయనం కలుపుతాం. గడ్డగా ఉన్నంతసేపు అది కాపాడుతుంది. కరిగాక అదే విషం. వెంటనే కడిగేయాలి. కార్యదర్శి గారి పిడికిలిలో గొట్టం అంచున మంచు తడిగా మెరవడం మొదలైంది. ఆయన అప్పటికి పరిషత్తు ఆవిర్భావం దగ్గరే ఉన్నారు. ప్రగతి నివేదిక, దార్శనికత, భవిష్యత్ ప్రణాళిక ఇంకా రావాలి.

పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడకూడదని అమ్మ నేర్పింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎవరి మాటకూ అడ్డం పోలేదు. నూకరాజు వైపు చూశాను. అతను గొట్టాన్నే చూస్తున్నాడు, ఆటో పక్కన నిలబడి బావను చూసినట్టు.

ముందుకు వెళ్లి కార్యదర్శి గారి పిడికిలి విప్పి గొట్టం తీసుకున్నాను.

"క్షమించండి సార్. గ్రంథం కరిగిపోతోంది."

గదిలో ఎవరూ కదల్లేదు. నేను మాత్రం కదిలాను. నీళ్లలో తిప్పాను, కడిగాను, కణాలు అడుగుకు చేరేలా గిర్రున తిప్పే యంత్రంలో పెట్టాను, మళ్లీ కడిగాను. చుక్క నీలం రంగు కలిపి గాజుపలక మీద వేశాను. చచ్చిన కణం నీలం పీల్చుకుంటుంది. బతికిన కణం రానివ్వదు. అంతసేపూ నా వెనక కార్యదర్శి గారు ఏ ముఖం పెట్టారో నేను చూడలేదు.

సూక్ష్మదర్శినిలో చూసి, లేచి, ఆచార్యులు గారికి చోటిచ్చాను. ఆయన ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు.

"నీలంవి అక్కడక్కడా ఉన్నాయి. తక్కినవన్నీ తెల్లగా, గుండ్రంగా, ముత్యాలలాంటి అక్షరాలు."

"బతికున్నాయాండి?" నూకరాజు అడిగాడు.

"బతికున్నాయి. పరీక్షకు చాలినన్ని ఉన్నాయి" అన్నాను. "పాసవుతాయో లేదో రేపటికి తెలుస్తుంది."

అతని అత్త కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎవురెవురో అన్నారు గానీ, మావోడి రత్తం మంచిదే" అంది. ఎవరెవరో అన్నవాళ్లలో తనూ ఉన్న సంగతి ఎవరూ గుర్తుచేయలేదు.

కార్యదర్శి గారు తేరుకుని, మిగిలిన ఉపన్యాసాన్ని సంక్షిప్తం చేసి, నూకరాజుకు శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. నూకరాజు శాలువా అంచు పట్టుకుని ఆచార్యులు గారి చెవి దగ్గర మెల్లగా అడిగాడు.

"ఇంతకీ నానేటి రాసినానండి?"

"ఏం రాశావో నీకు తెలియదు నాయనా. ఒంట్లో రాసుకున్నావు. చదవడం మా పని."

జగన్నాథం గారు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. ఖాళీ గడి కనిపిస్తే నింపకుండా ఉండలేని మనిషి. అక్కడి నుంచే పిలిచి అడిగాడు.

"కవిగారూ, మీ రెండవ సంపుటము ఎప్పటికి వెలువడును?"

నూకరాజు నా వైపు చూశాడు. శాలువా తీసి అత్త చేతికిచ్చి, తెల్లచొక్కా చేతిని మోచేతి పైదాకా మడిచాడు.

"ఇప్పుడే తీసుకోండి" అన్నాడు.